శుక్రవారం వాన

పోయిన వారం దొంతన్‌పల్లిలోని విశ్వవిద్యాలయంలో పరిశోధనల ప్రదర్శన పెట్టారంటే మా కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను. నేను చేవెళ్లలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తాను. సైన్సు మేడంలకు తీరిక లేక ఆ పని నాకు తగిలింది. హాలు గోడల నిండా పోస్టర్లే. టమాటా తోటకు ఏ పురుగు ఏ నెలలో వస్తుందో ఒకరు తేల్చారు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక వాళ్ల ప్రయాణాలు ఎట్లా మారాయో ఒకరు వెతికారు. మోకిలలో కొత్తగా లేచిన కాలనీల్లో పక్కింటివాళ్లు ఒకరినొకరు ఏ వరసతో పిలుచుకుంటున్నారన్నది కూడా ఒకరికి చదువే అయింది. మనుషులకు ఇన్ని రకాల సందేహాలు ఉంటాయా అని ముచ్చటపడుతూ నడుస్తుంటే ఒక పోస్టరు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. అందులో ఉన్న ఫోటో మా వాకిలిది. తులసి గద్దెకు అవతల వానను కొలిచే తెల్లటి డబ్బా, దానికి కుంకుమ బొట్టు, వాకిలంతా కల్లాపి తడితో, ముగ్గులతో ఉంటే డబ్బా చుట్టూ మాత్రం గుండ్రంగా పొడి నేల. "మేడం, గక్కడ ఒక్క దగ్గరనే సాన్పి ఎందుకు సల్లలేదు?" అని మా పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది. బస్సులో చెప్తానన్నాను. చేవెళ్ల వచ్చేదాకా చెప్పినా అవలేదు.

ఆ వాకిలి మా అత్తమ్మ రాజ్యం. చిన్న మంగళారంలో మా ఇల్లు ఊరి మొదట్లోనే ఉంటుంది. ఒకవైపు మా పొలం, మరోవైపు ఎవరివో ఫామ్‌హౌసుల ప్రహరీ గోడలు. పగటిపూట ఊళ్లో వాళ్లంతా పనుల మీద పోతారు కాబట్టి, మెడలో కార్డు, చేతిలో ట్యాబు పట్టుకుని ప్రశ్నలు అడగడానికి వచ్చినవాళ్లకు మొదట దొరికే మనిషి అరుగు మీద కూర్చున్న అత్తమ్మే. ఆమె దగ్గర ఒక కట్టడి ఉండేది. ముందు తినాలి, తర్వాతే ప్రశ్నలు. బస్సు ప్రయాణాల గురించి వచ్చిన అబ్బాయి జొన్నరొట్టె, పచ్చిపులుసు ముగించాకనే తన మొదటి ప్రశ్న అడగగలిగాడు. నెలలో ఎన్నిసార్లు బస్సెక్కుతారని అడిగితే, "అవుసరం ఉన్నప్పుడు ఎక్కుత, లేనప్పుడు గూడ ఎక్కుత. మా సెల్లె మొయినాబాద్‌ల ఉంటది. ఊకె ముచ్చట పెట్టి వస్త" అంది. ఆ అబ్బాయి ట్యాబులో "ఊకె" అనే గడి లేక చాలాసేపు తల గోక్కున్నాడు. ఇరుగుపొరుగు మీద పరిశోధన చేసే అమ్మాయి వచ్చినప్పుడైతే, అత్తమ్మ చెప్పే వరసలు పక్కిల్లు దాటి అవతలి వీధికి చేరేలోపే పొద్దు వాలిపోయింది. పాపం, ఆ పిల్ల మూడోనాడు మళ్లీ వచ్చింది. ప్రశ్నల కోసమో, చింతచిగురు పప్పు కోసమో నేను అడగలేదు.

వాన అమ్మాయి సంగతి వేరు. అత్తమ్మ ఆ పిల్లకు పెట్టుకున్న పేరే అది. వాళ్ల నాన్న సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీద ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి మోకిలలో ఇల్లు కట్టుకున్నాడట. ఇళ్లు దగ్గర దగ్గరగా లేచిన చోట, పొలాలు మిగిలిన చోట వాన ఒకేలా పడుతుందా అన్నది ఆ అమ్మాయి పరిశోధన. మోకిలలో వాళ్ల మిద్దె మీద ఒక డబ్బా పెట్టింది. పొలాల వైపు డబ్బాకు మా వాకిలి అడిగింది. పైన గరాటు, లోపల చిన్న దొప్ప. దొప్ప నిండి ఒరిగినప్పుడల్లా ఎంత నీరు పడిందో, ఎప్పుడు పడిందో డబ్బా తనే రాసుకుంటుంది. నెలకోసారి వచ్చి ఆ అమ్మాయి లెక్కలు లాప్‌టాప్‌లోకి తీసుకుంటుంది. వెళ్లేముందు అత్తమ్మ చేతులు పట్టుకుని, "అమ్మమ్మా, ఇది నా చదువంతా. ఆకులు అవీ పడకుండా శుభ్రంగా చూసుకోండి, ప్లీజ్" అంది. అత్తమ్మ డబ్బాను ఎగాదిగా చూసి, "నువ్వేం ఫికర్ చెయ్యకు బిడ్డ. నా పానం లెక్క చూస్త" అని మాటిచ్చింది.

ఆ వానాకాలం మా ఊరి మీద విచిత్రమైన వాన కురిసింది. మోకిలలో చుక్క పడని రోజుల్లో కూడా మా వాకిట్లో పడింది. అదీ ప్రతి శుక్రవారం, సూర్యోదయం వేళకు, పడీ పడగానే వెలిసిపోయే వాన. మొదటి నెల ఆ అమ్మాయి సంబరపడింది, పొలాలకూ ఇళ్లకూ తేడా ఉందన్నమాట అని. రెండో నెలకు మొహం చిన్నబోయింది. వాళ్ల గైడు సారు డబ్బాలో లోపముందని విప్పించి చూశాడు. లోపమేమీ లేదు. వాన మాత్రం మళ్లీ శుక్రవారమే పడింది. అప్పట్లో ఈ సంగతి మాకెవరికీ తెలియదు. నేను ఆ వేళకు వంటింట్లో టిఫిన్లు కట్టుకుంటూ ఉంటాను, ఇక వాకిలి వైపు చూసే తీరికెక్కడిది? చివరికి ఒక గురువారం సాయంత్రం ఆ అమ్మాయి సంచీతో దిగి, "ఆంటీ, ఈ రాత్రి ఇక్కడే ఉంటాను. పొద్దున్నే చూడాలి" అంది. అత్తమ్మ మురిసిపోయి సర్వపిండి పెట్టింది.

తెల్లవారి ఇద్దరం గడపలో నిలబడి చూశాం. అత్తమ్మ తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని, వాకిట్లో సాన్పి చల్లింది. ముగ్గేసింది. తులసమ్మకు నీళ్లు పోసింది. తర్వాత చెంబు నిండా పసుపు నీళ్లు తెచ్చి, చంటిపిల్లకు పోసినంత నెమ్మదిగా, డబ్బా గరాటులో పోసింది. కొంగుతో తుడిచి బొట్టు పెట్టింది. శుక్రవారం తలకు పోసుకోని ఆడది ఆ ఇంట్లో లేదు. తన మీద నమ్మకంతో వదిలి వెళ్లిన డబ్బాకు మాత్రం ఎట్లా మానేస్తుంది? ఆ బొట్టు నేనెన్నోసార్లు చూశాను. ఫ్రిజ్జుకూ మిక్సీకీ బొట్టు ఉన్న ఇంట్లో అదొక వింతగా తోచలేదు.

ఆ అమ్మాయి నవ్వబోయి, నవ్వలేక అరుగు మీద కూలబడింది. శుక్రవారాల లెక్క తీసేసినా, నీళ్లు పోసిన డబ్బాను పరీక్షించేవాళ్లు నమ్మరని, మా ఊరి లెక్క లేకుంటే పోల్చడానికి ఇంకేమీ మిగలదని, ఇంకో వానాకాలం దాకా ఆగాలని మెల్లగా చెప్పింది. అత్తమ్మ చెంబు కింద పెట్టింది. "నీళ్లు పోస్తె ఖరాబైతదని నాకు ఎర్కలేదు బిడ్డ. నీ సదువు నా చేతుల్తోనే పాడు జేసిన" అంది. ఆ పూట తినమని అనలేదు. మా ఇంటికి వచ్చిన మనిషిని అత్తమ్మ తినమని అడగకపోవడం నేనెరిగి అదొక్కసారే. చివరికి ఆ అమ్మాయే, "అమ్మమ్మా, ఆకలేస్తోంది" అంది.

మరుసటి వానాకాలం అత్తమ్మ ఆ డబ్బాకు కాపలా మనిషైంది. కోడిని రానివ్వదు, తడి చేతులతో నన్ను రానివ్వదు. ముగ్గు చిప్పతో డబ్బా చుట్టూ గీత గీసుకుని, సాన్పి ఆ గీత బయటే చల్లేది. శుక్రవారం నాడు డబ్బాకు తలకు పోయకపోవడం ఆమెకు ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. చెంబు పట్టుకుని కాసేపు దూరంగా నిలబడి, ఆ నీళ్లు మందార చెట్టుకు పోసి వచ్చేది. బొట్టుకు మాత్రం అనుమతి అడిగి తెచ్చుకుంది. నెలనెలా ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఒకటే ప్రశ్న. "ఈపాలి మంచిగున్నదా బిడ్డ?" లెక్క బాగుందని, అయినా పరీక్షించేవాళ్లు ఒప్పుకుంటేనే అయినట్టని ఆ పిల్ల నిజాయితీగా చెప్పేది. వానలు వెనకబట్టాక డబ్బా తీసుకెళ్లడానికి వచ్చిన రోజు అత్తమ్మ ఆమెకు బొట్టు పెట్టి, రవిక గుడ్డ ఇచ్చి, "వాళ్లు ఒప్పుకున్నరంటె నాకు జెప్పు. మర్సిపోకు" అంది. ఆ చలికాలంలోనే అత్తమ్మ పోయింది.

ఆ అమ్మాయి మర్చిపోలేదు. పోస్టరు ముందు నన్ను చూసి పరుగున వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "ఆంటీ, ఒప్పుకున్నారు. నిన్ననే తెలిసింది. అమ్మమ్మ లేకపోయినా ముందు అమ్మమ్మకే చెప్పాలనిపించింది" అంది. పరిశోధనల హాలులో ఇద్దరం నిలబడి ఏడుస్తుంటే మా పిల్లలు బిక్కమొహాలతో చూశారు.

నిన్న శుక్రవారం. అత్తమ్మ పోయినప్పటి నుంచి సాన్పి చల్లేది నేనే. సాన్పి చల్లి, ముగ్గేసి, అత్తమ్మ పటం దగ్గరికి పోయి, "ఒప్పుకున్నరట అత్తమ్మ" అని చెప్పాను. తిరిగి వాకిట్లోకి వచ్చి చూస్తే డబ్బా ఉండిన చోట జల్లెడంత జాగా పొడిగా ఉంది. ఇన్నాళ్లుగా నా చెయ్యి ఆ జాగాను తప్పించే చల్లుతోందని నాకే తెలియదు. కాలం దేన్నీ ఉండనివ్వదని ఏటేటా పిల్లలకు పాఠం చెప్తున్నాను గానీ, మా వాకిట్లో కాలం కూడా అత్తమ్మ గీసిన గీత దాటి లోపలికి రాలేదు.