రెండు చేతులూ ఒక్కసారే

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులోనే పెట్టుకుని తిరిగాను. కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను, పెళ్లిళ్లలో నవ్వాను. ఎవరైనా మణెమ్మ వదినె పేరెత్తితే మాత్రం లేచి వంటింట్లోకి పోయేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాకు అమ్మ లేదు. అక్క రెండో కాన్పుకు సాయంగా నన్ను న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ పిలిపించారు. నిజాం రోజులు, నాకు పదిహేనేళ్లుంటాయి. అక్క పురిట్లో ఉండగానే ఆమె పెద్దకూతురు, ఆరేళ్ల సుశీలకు మూర్ఛలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతిసారీ పక్కన ఉన్నది బావ వాళ్ల అక్క మణెమ్మ ఒక్కతే. బావ కోహీర్‌లో చేను దగ్గర ఉండేవాడు. నేను పెరట్లోంచి ఉరికొచ్చేసరికి పిల్ల సొమ్మసిల్లి పడుకుని ఉండేది.

ఒకరోజు పొద్దున్నే దవాఖాన కాంపౌండరు కబురు తెచ్చాడు. నరాల జబ్బులు చూసే పెద్ద డాక్టరు మర్నాడు ఒక్కరోజే హైదరాబాద్‌లో ఉంటాడట. మూర్ఛ ఎట్లా మొదలవుతుందో కళ్లారా చూసినవాళ్లు వెంట రావాలట, దాన్నిబట్టే వైద్యం.

అంటే వదినె పోవాలి. కానీ ఆమె భర్త పోయిన మనిషి. మంచిపనికి బయల్దేరితే ఎదురే రాకూడదు, ఇక వెంట తీసుకుపోవడమా? బావ తల గోక్కుంటూ నిలబడ్డాడు. అప్పుడు అనేశాను, "నేను గూడ చూసిన బావా" అని.

ఎందుకన్నాను? రైలెక్కాలని. హైదరాబాద్ చూడాలని. ఇంతకంటే మర్యాదైన కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఎన్నేళ్లు వెతుక్కున్నానో. లేదు.

నేను చూడలేదని వదినెకు తెలుసు. అయినా బావకు చెప్పలేదు. నా సంబరం చూసి నవ్వి, తాను ఇక కట్టలేని ఎర్రంచు చీర పెట్టెలోంచి తీసి ఇచ్చింది.

మేం బయల్దేరే వేళకు ఆమె లోపలి గదిలో తలుపేసుకుని కూర్చుంది. గడప దాటుతుంటే లోపల్నుంచి పిలిచింది. "పిల్లా, జర ఆగు. ఒక్క మాట."

వెనక నుంచి పిలుపు. బావ ముఖం నల్లబడింది. అట్లా పిలిస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. కూర్చున్నాం. ఆ కాసేపట్లో లోపలికిపోయి ఏందొదినె అని అడగొచ్చు. అడిగితే నేను చూడలేదన్న సంగతి బావకు తెలిసిపోతుందని, నన్ను ఇంట్లోనే వదిలేస్తాడని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఇక రైలు. కిటికీ పక్కన కూర్చుని, కంట్లో బొగ్గునలుసు పడినా తల లోపలికి తీయలేదు. సుశీలా నేనూ ప్రతి స్టేషన్‌లోనూ లేచి నిలబడ్డాం. హైదరాబాద్‌లో టాంగా, అద్దాల దుకాణాలు, అన్ని దీపాలు. జబ్బుపిల్లతో వచ్చామన్న సంగతే మరిచిపోయాను.

డాక్టరు చిన్న సుత్తితో పిల్ల మోకాలి మీద తట్టాడు. కాలు ఎగిరితే అది కిలకిలా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఆయన నావైపు తిరిగి ఉర్దూలో ఏదో అడిగాడు. బావ తెలుగులో చెప్పాడు.

"ముందుగాల ఏ చెయ్యి కొట్టుకుంటదని అడుగుతున్నడు."

ఇంట్లో అందరూ కాళ్లుచేతులు కొట్టుకుంటాయనే అనేవాళ్లు. "రెండు చేతులూ ఒక్కసారే బావా."

"మంచిగ యాది చేసుకో. చూసినవ్ గద?"

"చూసిన."

డాక్టరు తలూపి మాత్రలు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక వదినె నన్ను వంటింట్లో పట్టుకుంది. ఎప్పుడూ ఎడమ చెయ్యే ముందు వంకర్లు పోతుందని, అది చెబుదామనే పిలిచానని, చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను. ఆమె నా తల నిమిరింది.

మాత్రలతో కొన్నాళ్లు తగ్గింది. తర్వాత సుశీల ఎడమ చెయ్యి పడిపోయింది. ఇంకో డాక్టరు చూసి, తలలో ఒక్కచోటే ఉంది జబ్బు, ఆ చెయ్యి సంగతి ముందే తెలిస్తే ఏమన్నా చేయగలిగేవాళ్లేమో అన్నాడట. వానాకాలం వచ్చేసరికి పిల్ల పోయింది.

ఇంటిల్లిపాదీ ఒకటే మాట. మణెమ్మ వెనక నుంచి పిలిచింది, అందుకే. ఆమె కూడా అదే నమ్మింది. నా నోరే పిల్లను మింగిందని ఏడ్చేది. ఆ తర్వాత ఎవరు బయటికి పోతున్నా, ఏం మరిచిపోయినా, పిలిచేది కాదు. చూస్తూ ఊరుకునేది. ఆమె పిలిచి చెప్పబోయిన మాట డాక్టరుకు చేరనేలేదని నాకొక్కదానికే తెలుసు. ఒక్క మాటతో ఆ బరువు దించగలిగేదాన్ని. నోరు విప్పలేదు. చివరిదాకా అట్లాగే నమ్ముకుని పోయింది.

నిజం చెప్పి ఉంటే సుశీల బతికేదా? తెలియదు. క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సినవాళ్లెవరూ లేరు. నేను ఆ మూర్ఛను ఒక్కసారి కూడా చూడలేదు. ఇదిగో, చెప్పేశాను. ఇంకొకటి ఉంది, అది చెప్పడం దీనికంటే కష్టం. ఆ హైదరాబాద్ ప్రయాణం గుర్తొస్తే నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.