బావ బండికి ఆయిల్ మార్చిన రోజు

బావ పోయాక ఆయన బండి ఇబ్రహీంపట్నంలో అక్క వాళ్ల ఇంటి ముందు రేకుల కిందే ఉండిపోయింది. యాక్సిడెంట్ లాంటిదేమీ కాదు. సెంట్రింగ్ పని నుంచి వచ్చి, ఛాతీలో మంటగా ఉందని అరుగు మీద కూర్చున్నాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. బండి మీద గీత కూడా పడలేదు. అందుకేనేమో, దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

కొన్ని నెలలు గడిచాక అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, బండి నువ్వు తీస్కపోవే. పొద్దున లేస్తే గదే కండ్ల ముంగట. నాతోని అయితలేదు."

"నాకు స్కూటీ ఉంది కదనే."

"స్కూటీ అమ్మకు ఇయ్యి. బండి బయటోళ్లకు పోవద్దు. గట్లని ఈడ ఉండొద్దు."

మేమిద్దరం ఎల్బీనగర్‌లో పెరిగాం. అక్క పెళ్లి చేసుకుని ఇటు వచ్చింది. నాకు గేర్ల బండి నేర్పింది బావే, నాదర్‌గుల్ దగ్గర ఇళ్లు లేని ప్లాట్ల మధ్య. నేను క్లచ్ పిడికిలి బిగించి పట్టుకుంటే వెనక కూర్చుని నవ్వేవాడు. "ఇడువు పిల్లా, ఇడువు! గదేం నీ మొగడా, గంత గట్టిగ పట్టుకోనీకి?" నేను బండి ఆపి, దిగి, ఫోన్ తీసి పక్కకు పోయి నిలబడితే ఇంకా నవ్వేవాడు. "ఇంజిన్ కంటె ముందు ఈమెనే వేడెక్కుతది."

ఆయన గొప్పగా చెప్పుకునే మాట ఒకటుండేది. "నా బండి సప్పుడు గల్లీ మూల మీద ఉండంగనే మీ అక్కకు తెలుస్తది. నేను గేటు కాడికి వచ్చేసరికి చెంబు చేతుల ఉంటది." నిజమే. నేను ఎన్నిసార్లు చూశానో. సిమెంటు దుమ్ముతో తెల్లగా వచ్చేవాడు, అక్క నీళ్లందించేది, సగం తాగి సగం మొహాన కొట్టుకునేవాడు. "అక్కా, ఇంత చదివి గిదా నీ డ్యూటీ?" అని నేను ఎక్కిరిస్తే, "నీకు మొగుడొస్తే నువ్వు బకెట్ తెస్తవ్ తియ్" అనేది.

ఆ ఆదివారం బస్సు దిగి ఇంటికి పోయేసరికి మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బావ వాళ్ల నాన్న. ఆయనదీ సెంట్రింగ్ పనే. తండ్రీ కొడుకులు ఒకే బండి మీద పనికి పోయేవాళ్లు. ఇప్పుడు మామ ఎవరి బండో ఎక్కి పోతున్నాడు.

తాళం చెవి ఇయ్యమని అడిగాను. ఇవ్వలేదు.

"ఆయిల్ మార్చకుండ ఎట్ల తీస్కపోతవ్ బిడ్డ? గిన్ని నెలల సంది నిలవడ్డది."

"రోడ్డు మీద మెకానిక్ ఉన్నడు కద మామ, మార్పిస్త."

"మా బండికి ఎన్నడన్న బయట మార్చినమా?"

మార్చలేదు. స్లాబు పోసేముందు సెంట్రింగ్ రేకులకు కాలిన ఆయిల్ పూస్తారు, సిమెంటు పట్టుకోకుండా. మెకానిక్ దగ్గర మారిస్తే ఆ పాత ఆయిల్ అక్కడే ఉండిపోతుంది. అందుకని వీళ్లు ఎప్పుడూ ఇంట్లోనే మార్చి, దాన్ని గోడ పక్కనున్న పాత పెయింటు డబ్బాలో పోసి పెట్టుకునేవాళ్లు. మారుస్తున్నంతసేపు బావ కింద పడుకుని పాటలు పాడేవాడు, గొంతు అస్సలు బాగుండేది కాదు.

"నేనే మారుస్త," అన్నాను. అంత గట్టిగా అనాల్సిన పని లేదు. మామ లోపలికి పోయి పానాలు, అడ్డంగా కోసిన ప్లాస్టిక్ క్యాన్ తెచ్చిపెట్టాడు. నేను రోడ్డు మీదికి పోయి కొత్త ఆయిల్ డబ్బా తెచ్చాను.

ఫోన్‌ను ఇటుకకు ఆనించి వీడియో పెట్టాను. ముందు ఇంజిన్ కాసేపు నడపాలట, ఆయిల్ వేడెక్కితేనే మొత్తం కారుతుందట. బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ పనిచేయలేదు. కిక్ కొట్టాను. మళ్లీ కొట్టాను. చెమటలు పట్టి, కాలు జారి పిక్కకు తగిలి, బండిని తిట్టాను, బావను కూడా తిట్టాను, నోట్లోనే. మామ లేచి వచ్చి చోక్ లాగి మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు.

ఈసారి అందుకుంది. ముందు దగ్గింది, పొగ కక్కింది, తర్వాత ఆ పాత చప్పుడు వచ్చింది, నడుమ నడుమ చిన్నగా తడబడే చప్పుడు. నాకు ఎంత సంతోషమైందో. "చూసినవా మామా!" అని వెనక్కి తిరిగాను.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిలో చెంబు.

వెనకాల వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండి ఉండాలి, మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది. గేటు గడియ తీసి గల్లీ వైపు చూస్తోంది. బండి తన వెనకాల, రేకుల కింద ఉందని అప్పుడు అర్థమైనట్టుంది. మెల్లగా ఇటు తిరిగింది. నన్ను చూసింది. చెంబును చూసుకుంది.

ఆమెకు ముందే చెప్పాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఫోన్‌లో వీడియో అతను ఇక ఇంజిన్ ఆపేయమంటున్నాడు. నేను ఆపేశాను.

అక్క నా దగ్గరికి వచ్చింది. "నీకే తెచ్చిన. ఎండల చేస్తున్నవ్ కద. తాగు."

నేను చెంబు మొత్తం తాగాను. అక్క ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది. తర్వాత గిన్నెల చప్పుడు వినపడలేదు.

కింది బోల్టు బిగుసుకుపోయింది. పానా మీద కాలు పెట్టి తొక్కితే వదిలింది. నల్లటి ఆయిల్, గోరువెచ్చగా, నా వేళ్ల మీద నుంచి క్యాన్‌లో పడింది. బావ పోసిన ఆయిల్. ధార సన్నబడగానే బోల్టు పెట్టబోయాను.

"ఆగు బిడ్డ. ఇంకా కారుతది," అన్నాడు మామ. బండిని కొంచెం పక్కకు వంచి పట్టుకున్నాడు. చుక్కలు ఆగిపోయాక కూడా పట్టుకునే ఉన్నాడు. తర్వాత క్యాన్ తీసుకుని పెయింటు డబ్బా దగ్గరికి పోయాడు. పోయలేదు. వేరే సీసా వెతికి అందులో వంపి, మూత పెట్టి, అరుగు కిందికి తోశాడు.

"మంచాల ఊర్ల స్లాబు ఉందన్నవ్ కద మామ? రేకులకు వద్దా?"

"గా డబ్బల ఉన్నది సాలు."

కొత్త ఆయిల్ పోశాను. పోశాక ఒకసారి స్టార్ట్ చేసి, ఆపి, కడ్డీతో లెవెల్ చూడాలి. నా కాలు కిక్ మీద పెట్టానో లేదో, లోపలి నుంచి అక్క గొంతు.

"చెల్లె, ఇంట్ల స్టార్ట్ చెయ్యకే. నీకు దండం పెడత. గల్లీ దాటినంక చెయ్యి."

బయటికి రాలేదు. నేను లోపలికి పోదామనుకున్నాను, మామ తల అడ్డంగా ఊపాడు.

బండి స్టాండ్ తీశాను. నేను హ్యాండిల్ పట్టుకుంటే మామ వెనక నుంచి నూకాడు. నా ఫోన్ జేబులో మోగుతూనే ఉంది, అమ్మ అయ్యుంటుంది, తియ్యలేదు. గల్లీ మూల వచ్చింది. బావ వస్తుంటే అక్కకు బండి చప్పుడు వినపడేది ఇక్కడి నుంచే.

"ఇక్కడ చెయ్యనా మామ?"

"ఇంకా జర ముంగటికి."

కిరాణా దుకాణం దాటాం. మెయిన్ రోడ్డు ఎక్కాం. లారీలు, బస్సులు, ఆటోల హారన్లు. ఇక్కడ బండి స్టార్ట్ చేస్తే పక్కన నిలబడ్డవాళ్లకే వినపడదు.

"ఇక్కడ, మామ?"

వెనక నుంచి నూకుతూనే ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు.

"ఇంకా జర, బిడ్డ. ఇంకా జర పోనీ."