వేడిపెట్టెకు రిమోట్ బిగించిన చలికాలం

ఆ పని వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు లింగన్న. కరోనాకు ముందటి చలికాలం అది. బహ్రెయిన్‌లో, తుబ్లీలోని ఒక గ్యారేజీలో, ఎలక్ట్రికల్ సెక్షన్‌లో నేను ఆఖరి చెకింగ్ చూసేదాన్ని. పని పూర్తయ్యాక జాబ్ కార్డు నా బల్ల మీదికి వస్తుంది. దాని మీద నా సంతకం పడనిదే తాళాలు కస్టమర్ చేతికి వెళ్లవు.

లింగన్నది జగిత్యాల వైపు. మా సెక్షన్‌లో అందరికంటే సీనియర్ ఎలక్ట్రీషియన్. చేతులు తుడుచుకుంటూ వచ్చి నవ్వాడు.

“అక్కా, గీ ముచ్చట ఇన్నవా? ఇంజన్ను వేడి చేసే పొయ్యి ఉన్నదంట ఒక బండికి. దానికి రిమోట్ వెట్టాల్నంట. ఈడ మనం ఉడికేది సాలదని ఇగ బండిని గూడ ఉడకవెడ్తరు!”

బండి మంచు కురిసే దేశం నుంచి వచ్చిన పాత డీజిల్ జీపు. దాని ఇంజన్ పక్కన చిన్న వేడిపెట్టె ఉంది. ట్యాంకులోంచి కొంచెం డీజిల్ తీసుకుని మండించి, ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లను వేడి చేస్తుంది. పొగ పోవడానికి దానికి వేరే సన్నని గొట్టం. బండి యజమాని బహ్రెయిన్ పెద్దాయన, అందరూ అబూ యూసఫ్ అనేవారు. ఏటా చలికాలంలో భార్యతో కలిసి సౌదీ ఉత్తరాన ఎడారిలో గుడారం వేసుకుంటారు. అక్కడ తెల్లవారుజామున అద్దాల మీద మంచు పేరుకుంటుందట. గుడారంలోంచి బటన్ నొక్కితే, నమాజు అయ్యేసరికి ఇంజన్ వెచ్చబడి ఉండాలి. ఆయన కోరింది అంతే. మర్నాడే ప్రయాణం.

గల్ఫ్‌లో రిమోట్ అంటే ఏసీ కోసమే. ఎండలో నిలబెట్టిన బండిని ఆఫీసులోంచే స్టార్ట్ చేసి చల్లబరుచుకుంటారు. లింగన్న అలాంటివి వందల్లో బిగించి ఉంటాడు. ఆ చేతి అలవాటుతోనే ఇదీ బిగించాడు. బ్యాటరీ నుంచి వేడిపెట్టెకు వెళ్లే లావు ఎర్ర వైరును మధ్యలో కత్తిరించి, రిమోట్‌కు పలికే రిలే స్విచ్చి పెట్టాడు. బటన్ నొక్కితే కరెంటు వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. సాయంత్రం నాలుగుకల్లా కార్డు నా ముందుంది.

నేను కాలేజీ గడప తొక్కలేదు. కాకినాడలో మా నాన్నగారు ఇంటి వరండాలోనే మోటార్లు బాగుచేసేవారు. అక్షరాలూ వైరింగ్ బొమ్మలూ రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ చదువుతోనే భగవంతుడు నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టాడు. బండితో వచ్చిన పుస్తకం ఏ భాషలో ఉందో నాకు తెలియదు గానీ బొమ్మ తెలిసింది. ఎర్ర వైరు ఎప్పుడూ తెగకూడదు. డాష్‌బోర్డు నుంచి వచ్చే సన్న వైరు ఆగమని చెబితే, పెట్టె మొదట డీజిల్ ఆపుతుంది. ఆ తర్వాత ఫ్యానూ నీళ్ల పంపూ కొన్ని నిమిషాలు తిరిగి, మంట గది చల్లారాక వాటంతట అవే ఆగుతాయి.

బండిని ఆరుబయట పెట్టించి, వేడిపెట్టెను రిమోట్‌తో వేసి ఆపమన్నాను. ఆపగానే అంతా నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు లేదు. మళ్లీ వేయించాను, ఆపించాను. మూడోసారి వేసేసరికి గొట్టంలోంచి తెల్లటి పొగ బుస్సున వచ్చింది. పక్కనున్న రబ్బరు పైపు ముట్టుకుంటే, లోపల చల్లారని వేడికి మెత్తబడి ఉంది.

బండి ఎక్కడ నిలబెడతారని అబూ యూసఫ్‌ను అడిగాను. గుడారానికి ఆనించే, గాలికి అడ్డుగా అన్నారు. ఆ వైపే ఆయన భార్య పడుకుంటారట. కాళ్ల నొప్పులు, త్వరగా లేవలేరు.

మా ఫోర్‌మన్ కేరళ ఆయన. కస్టమర్ కూర్చుని ఉన్నాడు, వేడెక్కుతోంది కదా, ఖలాస్, సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను.

లింగన్న ముఖం చిన్నబోయింది. “పని చేస్తలేదా అక్కా?”

“చేస్తోంది లింగన్నా. ఆగడమే సరిగా ఆగట్లేదు. మీ ఇంట్లో దేవుడి దీపాన్ని ఉఫ్‌మని ఊదేస్తారా?”

“ఊదద్దు గద. మా అవ్వ పువ్వుతోని మెల్లగ వత్తిని నూనెలకు జరిపేది.”

“దీన్నీ అట్లాగే కొండెక్కించాలి.”

లింగన్న బానెట్ కిందికి వంగాడు. రిలే విప్పేశాడు. ఎర్ర వైరును అతికించి, రిమోట్‌ను సన్న వైరుకు కలిపాడు. బటన్ నొక్కడం మరిచిపోయినా అరగంటకు దానంతట అదే ఆగేలా టైమర్ పెట్టాడు. ఈసారి ఆపాక ఫ్యాను చాలాసేపు తిరిగింది. అది నిలిచేదాకా ఇద్దరం పక్కనే ఉన్నాం.

పని సరిగా ఉన్నా పొగ పొగే. అది రంగూ వాసనా లేకుండా కూడా ప్రాణం తీస్తుంది. బండి గుడారానికి దూరంగా, గొట్టం అవతలి వైపుకు ఉండాలని కార్డు మీద రాసి, అబూ యూసఫ్‌కు చదివి వినిపించాను. ముందు చికాకు పడ్డారు. భార్య మాట ఎత్తేసరికి తల ఊపి సంతకం పెట్టారు.

మిగిలింది కార్డులో ఒక గడి. పని తిరిగి చేయాల్సి వస్తే, మొదటి తప్పు ఎవరిదో అందులో రాయాలి. ఆ నెలలోనే లింగన్న కాంట్రాక్టు రెన్యువల్‌కు ఉంది. నా పెన్ను ఆగింది. లింగన్నే అన్నాడు: “నా పేరే రాయి అక్కా. ఖాళీగ ఇడిస్తె రేపు ఇంకోడు గిట్లనే కట్ జేస్తడు. ఏం తప్పైందో గూడ రాయి.”

రాశాను. రెన్యువల్ కాలేదు. దానికి కారణం ఆ గడేనా అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిందని ఇప్పుడు అనుకుంటాను. అబూ యూసఫ్ దంపతులు క్షేమంగా తిరిగొచ్చి ఖర్జూరాల పెట్టె పంపేనాటికి లింగన్న ఊరికి వెళ్లిపోయాడు. ఆ కార్డు నకలు మాత్రం మా సెక్షన్ గోడ మీద నేను ఉద్యోగం మానేదాకా ఉంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ అది చదివించాను. ఆ ఎర్ర వైరును మళ్లీ ఎవరూ కత్తిరించలేదు.

ఆ పని నాకు నేర్పింది ఇది: మంటతో నడిచే దేన్నైనా వెలిగించి చూసినంత మాత్రాన పరీక్ష పూర్తికాదు, ఆపి, చల్లారేదాకా నిలబడి చూడాలి. తప్పు పేరుతో సహా రాసి ఉంటేనే తర్వాతివాడికి పనికొస్తుంది.

ఇది చదివినవారిని నేను కోరేది ఒక్కటే. బండి ఆపి దిగాక కూడా బానెట్ కింద ఫ్యాను కాసేపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే, లింగన్నను ఒకసారి తలుచుకోండి.