తెల్ల పంచె మీద అమ్మ

వేలూరులో నేను పాఠాలు చెప్పే బడిలో, ప్రొజెక్టర్ పెట్టిన కాసేపటికి దాని పక్కనున్న చిల్లుల్లోంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. పిల్లలు దాన్ని పట్టించుకోరు. గోడమీది బొమ్మ మసగ్గా ఉందని అరుస్తారు, నేను అద్దం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పుతాను, అక్షరాలు తేటపడతాయి. ఆ వాసన తగిలిన రోజు మాత్రం నాకు పాఠం మీద మనసు నిలవదు. గుడియాత్తంలో మా ఇల్లు, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి కూర్చున్న ఒక మధ్యాహ్నం గుర్తొస్తాయి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మాది నేత ఇల్లు. ముందుగదిలో సగం జాగా మగ్గానికే పోయేది. నాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని లుంగీలు నేసేవాడు, మిగిలిన సగంలో అవ్వ రాట్నం ముందు కూర్చుని తమలపాకు నములుతూ కండెలు చుట్టేది, వాళ్ళిద్దరి మధ్య ఉన్న చాపంత చోటులో నేను ఒక్కదాన్నే అచ్చనగాయలు ఆడుకునేదాన్ని. ఎండాకాలం పొద్దున్నే వీధి పొడుగునా పడుగు నూలు చాచి గంజి పట్టించేవాళ్ళు. పిల్లలం దాని కిందనుంచి దూరి పరిగెత్తితే తలమీద గంజి చుక్కలు పడి జుట్టు అట్టకట్టేది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు పట్టుకుంటే ఆ గంజి ఆరేది కాదు, మగ్గాలు ఆగిపోయేవి, వీధంతా పులిసిన వాసనతో వారాల తరబడి ముసురుకుని ఉండేది. ఎండలు ముదిరిన వైకాశి నెలలో గంగమ్మ జాతర వస్తే మాత్రం ఇంటింటా రాగి అంబలి, మునగాకు వేపుడు, ఎండుచేపల పులుసు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడేవాళ్ళం, బడిలో చెప్పేది తమిళం కాబట్టి తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. ఈ తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నవి.

రంగుల విషయంలో నాయన కన్ను మా వీధి మొత్తానికీ పేరు మోసినది. పక్కింటివాళ్ళు రెండు నూలు చిలపలు తెచ్చి, రెండూ ఒకే తొట్టిలో అద్దినవేనా అని అడిగేవాళ్ళు. నాయన గుమ్మంలోకి వెళ్ళి, వాటిని వెలుగులో పెట్టి, "ఇది వేరే తొట్టి, కలిపి నేస్తే చార పడతాది" అని తేల్చేసేవాడు. అతను చెప్పింది తప్పవడం నేను చూడలేదు.

అమ్మ నాకు నాలుగేళ్ళప్పుడు మూడు రోజుల జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫొటో. స్టూడియోవాడు దానిమీద పని చేసి ముఖాన్ని సున్నంలా తెల్లగా చేసిపెట్టాడు. "అది మా కోడలు కాదు, ఎవురో" అని అవ్వ దానికి దండ వేసినప్పుడల్లా సణిగేది. నాకు అమ్మ ముఖం గుర్తు లేదు. బడిలో ఎవరైనా అడిగితే గుర్తున్నట్టే చెప్పేదాన్ని, జడ వేసేదనీ, పాట పాడేదనీ, ఏ రోజుకు ఏది తోస్తే అది కల్పించి.

అమ్మ తమ్ముడు మునిరత్నం మామ ఆర్కాడులో ఉండేవాడు. పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాళ్ళ వెంట లైట్లు పట్టుకుని తిరిగేవాడు. అమ్మానాయనల పెళ్ళి క్యాసెట్ అతని దగ్గరే ఉండిపోయింది, దాన్ని ఎవరిచేతనో డిస్కులోకి ఎక్కించాడు. అమ్మ పోయిన ఐదో ఏడు దివసానికి, ఒక ప్రొజెక్టర్‌ను తువ్వాల్లో చుట్టి చంటిబిడ్డలా గుండెకు ఆనించుకుని బస్సు దిగాడు. సాయంత్రానికి ఆర్కాడులో ఒక కల్యాణమండపానికి అది చేరాలి.

"ఈ పొద్దు మా యక్కను నీకు నిలువెత్తున చూపిస్తాను, చూడు" అన్నాడు నాతో.

కాకికి పిండం పెట్టడం, వడ, పాయసం, విస్తళ్ళు ఎత్తడం అన్నీ అయ్యాక తలుపులు వేసి సందుల్లో గుడ్డలు కుక్కారు. నాయన పెట్టెలోంచి కొత్త తెల్ల పంచె తీసి మగ్గం పైవాసానికి కట్టి, మళ్ళీ గుంటలోకి దిగి కూర్చున్నాడు. అతను ఈ పని వద్దనలేదు, కావాలనీ అనలేదు. మామ పప్పు డబ్బా బోర్లించి, దానిమీద నా బడి పుస్తకాలు పేర్చి, ఆ పైన ప్రొజెక్టర్ పెట్టి, సంచిలోంచి తీసిన డిస్కు ప్లేయరును దానికి తగిలించాడు. కప్పు పెంకుల సందుల్లోంచి ఎండ చొరబడుతూనే ఉంది. పంచె మీద మొదట ఒట్టి నీలం వెలుగు పడింది, ఆ తర్వాత పెళ్ళిపీటల మీద ఇద్దరు మనుషులు.

అమ్మ తల వెడల్పుగా, కాళ్ళు సన్నగా, గరాటులా ఉంది. మామ గబుక్కున బొమ్మను ఆపేశాడు. ప్రొజెక్టర్ ముందు కాలి మర తిప్పాడు, పుస్తకం తీశాడు, రిమోట్‌లో ఏదో నొక్కాడు. అంచులు నిటారుగా నిలిచేసరికి చాలాసేపు పట్టింది. అప్పుడు అవ్వ లేచి దగ్గరికొచ్చింది.

"మా కోడలు ఇంత లావు యాడ ఉన్నిందిరా నాయనా? ఇది నాలుగు బిడ్డల తల్లి మాదిరి ఉండాది."

"అది వెడల్పు సెట్టింగు అత్తా, తగ్గిస్తాండా ఉండు."

రిమోట్ నొక్కినప్పుడల్లా అమ్మ ముఖం మీద పచ్చటి గీతలు, ఇంగ్లీషు మాటలు వచ్చి కప్పేసేవి. మామకు ఇంగ్లీషు రాదు. నేను కూడబలుక్కుని చదివి చెబితే అతను నొక్కేవాడు. అమ్మ సన్నబడింది. అంతలో రంగు గొడవ మొదలైంది.

"ఇంత ఎరుపు కాదప్పా అది. చామనఛాయ" అంది అవ్వ.

"మా యక్క ఎర్రగానే ఉన్నింది అత్తా. నాకు తెలీదా?"

"నా ఇంట్లో ఆరేండ్లు తిరిగిన మనిషి రంగు నాకు తెలీదా?"

మామ ఎరుపు తగ్గిస్తే అమ్మ పసుపు పూసుకున్నట్టయింది. పసుపు తగ్గిస్తే నీళ్ళలో నానినట్టు నీలంగా అయింది. నేను లేచి పంచె దగ్గరికి వెళ్ళాను, చీర అంచు ముట్టుకుందామని. నా నీడ పడి అమ్మ సగం మాయమైంది, మిగిలిన సగం నా చేతిమీద, గౌను మీద పడింది.

"అడ్డం రావొద్దమ్మా, ఇట్లా వచ్చి కూచో" అన్నాడు మామ. పక్కకు జరిగాను.

"బావా, నువ్వు చెప్పు" అని అతను చివరికి నాయన వైపు తిరిగాడు. "నీ కన్ను తప్పదు."

నాయన చాలాసేపు చూశాడు. "ఇంకొంచెం తగ్గియ్యి" అన్నాడు. మామ తగ్గించాడు. "ఇంకొంచెం." మళ్ళీ తగ్గించాడు. "ఎక్కువయింది. పెంచు." అతను అంటూనే ఉన్నాడు, మామ నొక్కుతూనే ఉన్నాడు, ప్రొజెక్టర్ ఫ్యాను రొద పెడుతూనే ఉంది, వేడికి దానిమీది దుమ్ము కాలి ఇల్లంతా వాసన కమ్మింది. బొమ్మ మాత్రం అదే. తల వంచుకుని కూర్చున్న అమ్మ, కదలకుండా.

"చాలు, ఉన్నట్టే చూస్తాం లేప్పా" అని అవ్వే కళ్ళు తుడుచుకుంది.

మామ బొమ్మను కదిలించాడు. అమ్మ తలెత్తింది. కుడిపక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అంది. డిస్కులో మేళం చప్పుడు తప్ప మాటలు లేవు. మళ్ళీ మా వైపు తిరగబోతుండగా కరెంటు పోయింది.

పంచె మీద పెంకుల సందుల ఎండ మాత్రం మిగిలింది. "నీళ్ళు అడిగింటాది పాపం, ఆ పొద్దంతా పస్తుండె" అంది అవ్వ. కరెంటు వస్తుందేమోనని గంటసేపు చూశాం. రాలేదు. బస్సుకు టైమయిందని మామ ప్రొజెక్టర్‌ను మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు. డిస్కు నా చేతిలో పెట్టి, ఇంకోసారి తెస్తానన్నాడు. ఆ ఏడాది చివరికి అతను లైట్ల పని మానేసి తిరుప్పూరు వెళ్ళిపోయాడు. ఇంకోసారి రాలేదు.

నేను ఉద్యోగంలో చేరాక ఆ డిస్కును వేలూరులో ఒక కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టతను దాన్ని ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి చూపించాడు. పైపూత పెచ్చులు లేచి, సూదితో పొడిచినట్టు వెలుగు కనిపించింది. ఇది ఇక ఆడదన్నాడు. అప్పటికే అవ్వ పోయి మూడేళ్ళు.

నాయన ఊపిరితిత్తుల జబ్బుతో ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక పగలు అన్నం తినిపిస్తూ అడిగాను, ఆ రోజు ఏ రంగు దగ్గర ఆపితే సరిపోయేదని. నమలడం ఆపి, కిటికీ వైపు తిరిగాడు.

"నాకు గ్యాపకం రాలేదమ్మా" అన్నాడు. "ఎంత చూసినా రాలేదు. నూలు రంగులన్నీ కంటిలో ఉండాయి, మీ యమ్మది మాత్రం పోయినాది. అందరి ముందర ఎట్ల చెప్పేది? అందుకే తగ్గియ్యి, పెంచు అంటా ఉంటిని."

నేను ఇంకో ముద్ద కలిపాను. అతను వద్దన్నాడు. ఆ నెల దాటలేదు.

మా ఇంటిని కొన్నవాళ్ళు మగ్గం గుంటను పూడ్చి సిమెంటు చేయించారు. ఆ వీధిలో ఇప్పుడు పడుగు చాచేవాళ్ళు లేరు, బండ్లు నిలిపి ఉంటాయి. మామ ఫోను నంబరు మారిపోయింది. మొన్న మా అమ్మాయి బడిలో కుటుంబం గురించి రాసుకురమ్మన్నారట, వాళ్ళ అమ్మమ్మ ఎట్లా ఉండేదని అడిగింది. నాలాగే ఉండేది అని చెప్పాను. రాసుకుంది. అది నిజమో కాదో చెప్పగల మనిషి ఇప్పుడు నాకు తెలిసినవాళ్ళలో ఎవరూ లేరు.