గిర్ని అమ్మ పేరు మీద పోయిన కాగితం

హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర పిండి గిర్ని నడిపిన మా ఒకప్పటి ఇంటి ఓనరమ్మ మంగళవారం కన్నుమూసిందని పాలాయన చెప్పాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆమె ఇంట్లో ఆరేళ్ళు కిరాయికున్నాం. ఊరందరికీ గిర్ని అమ్మ. నేను మాత్రం అత్తయ్యగారూ అనేదాన్ని. "గారు గీరు ఎందుకే, తూకం పెరుగుతదా?" అని నవ్వేది.

నోరు పెద్దదే. కానీ కూలివాళ్ళ జొన్నలు ముందు పట్టి, పటేళ్ళ గోధుమలు వెనక్కి నెట్టేది. అడిగితే, "ఆకలి ఎవలకు ముందైతదో వాళ్లే ముందు" అనేది.

ఆమె భర్త చనిపోయిన ఏడాది, ఆదాయపు పన్ను రిటర్ను గడువు దగ్గర పడింది. అప్పటికే మరిది రోజూ గిర్నికి వచ్చి పెత్తనం మొదలుపెట్టాడు. "పన్నుకు ఎవలన్న ఎదురు వోతరా వదినా? ఆ కాగితం నా పేరు మీద ఏపిస్త. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఫారం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "ఇయ్యాల పన్ను ఆయన కడితే రేపు గిర్ని ఆయనదైతది. నా పేరు మీద రాయి బిడ్డా. మెత్తటోళ్లను జూస్తే మొత్తబుద్ధయితది."

పాత రిటర్ను ముందు పెట్టుకుని ఇంగ్లీషులో అంతా నింపాను. చదవడం రాని ఆమె మొదటి గడి మీద వేలు పెట్టింది. "గీ గీతలు మా బోర్డు మీద ఉన్నయే గదా? ఇది పోయినాయన పేరు. నా పేరేది?"

పాతది చూసి రాస్తూ ఆమె భర్త పేరే రాసేశాను. బి.ఏ. చదివిన నాకు ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అప్పట్నుంచీ ఎవరి కాగితం రాసిపెట్టినా మొదటి గడి రెండుసార్లు చూస్తాను. ఆ బుద్ధి ఆమె పెట్టిందే.

మర్నాడు మావారు పట్నం నుంచి రెండు ఫారాలు తెచ్చారు. "రెండు తెచ్చిండా? నీ సంగతి మీ ఆయనకు ఎరుకే" అంది.

వేలిముద్ర చాలునంటే వినలేదు. నాలుగక్షరాల పేరు రెండు రోజులు దిద్ది, సంతకమే పెట్టింది. పట్నం పోయి ఇచ్చొస్తానని మరిది చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. తానే పోదామంటే ఆ రోజంతా గిర్ని అతని పాలవుతుంది. అందుకే పోస్టాఫీసుకు నడిచి, రిజిస్టరు పోస్టులో వేసి, వెంటనే తిరిగొచ్చింది.

కొన్ని నెలలకు పన్ను ఆఫీసు నుంచి కవరొచ్చింది. పిండి పట్టించుకునేవాళ్ళు బారు తీరి ఉన్నారు. "నే జెప్పలే? నోటీసొచ్చింది!" అన్నాడు మరిది.

పగటిపూట ఎన్నడూ ఆపని గిర్నిని ఆమె ఆపేసింది.

"పైన ఎవల పేరుందో సదువు" అంది పోస్టుమాన్‌తో. చదివాడు.

"ఎనకోళ్లకు ఇనబడలే. గట్టిగ సదువు."

మళ్ళీ చదివాడు. మరిది తల వంచుకున్నాడు. అంతమంది మధ్య, కనురెప్పల దాకా పిండితో, ఆమె కళ్ళు మూసుకుని తన పేరు వింటూ నిలబడింది.