ఎదురు దుకాణం అటక మీది పెట్టెలు

శాలిబండలో మాది సిగరెట్ల హోల్‌సేల్ దుకాణం. మాకు ఎదురుగా మొబైల్ కవర్లు, చార్జర్లు అమ్మే భాయ్ ఉండేవాడు. దొంగచాటుగా ఈ-సిగరెట్లు అమ్మి పట్టుబడ్డాడని, అందుకే దుకాణం పోయిందని మా గల్లీలో ఇప్పటికీ అనుకుంటారు. అది అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే.

ఈ-సిగరెట్ల మీద నిషేధం రాకముందు ఆయన వాటిని అద్దాల బీరువాలో పెట్టి బాహాటంగానే అమ్మేవాడు. కాలేజీ పిల్లలు మా మెట్ల మీదే కూర్చుని మామిడిపండు వాసన పొగ వదులుతుంటే నాకు కడుపు మండేది. నిషేధం వచ్చాక, మిగిలిన సరుకును పోలీస్ స్టేషన్‌లో అప్పగించి వచ్చానన్నాడు. నేను నమ్మలేదు. అమ్ముడుపోయే సరుకును ఏ వ్యాపారైనా తన చేత్తో తీసుకెళ్లి ఇస్తాడా?

పైగా నన్నే ఎత్తిపొడిచేవాడు. "నీ పొగ మీద సర్కారుకు పన్నొస్తది అన్నా, నువ్వు అల్లుడివి. నా పొగ మీద ఏం రాదు, నేను దొంగను. గంతే ఫరక్."

"పిల్లలు ఖరాబైతున్నరని బంద్ పెట్టిండ్రు భాయ్."

"మరి నీ డబ్బా మీద గా పుండు బొమ్మ ఎందుకున్నది? అందం కోసమా?"

ఆ మాటలతో ఆయన మీద నా అనుమానం ఇంకా పెరిగింది.

బడ్జెట్ ముందు మా వ్యాపారంలో ఒక అలవాటు ఉంది. పన్ను పెరుగుతుందని తెలియగానే సరుకు ఆపేస్తాం. గిరాకీకి "మాల్ లేదు" అని చెప్పి, పెట్టెలను వేరే వ్యాపారం చేసేవాళ్ల దగ్గర దాస్తాం. తనిఖీకి వచ్చేవాళ్లు మా గోదాములే చూస్తారు కదా. ధర పెరిగాక బయటికి తీస్తాం. ఎక్కడ దాచేదీ మా బాపు ఒక్కడికే తెలుసు. నాకు నోరు ఆగదని నాతో కూడా చెప్పేవాడు కాదు.

ఒక ఏడు బడ్జెట్ దగ్గర పడ్డాక, పొద్దుగూకి మగ్రిబ్ అజా వినిపిస్తున్న వేళ, భాయ్ దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగింది. తార్పాలిన్ కప్పిన అట్టపెట్టెలు లోపలికి, అటక మీదికి వెళ్లాయి. చార్జర్లకు అన్ని పెట్టెలెందుకు? మర్నాడు అడిగాను.

"ఏం మాల్ భాయ్?"

"కవర్లే అన్నా." నా కళ్లలోకి చూడలేదు.

అప్పటి నుంచి ఆ దుకాణం వైపు గాలి వీస్తే నాకు మామిడి వాసనే వచ్చేది. భాయ్ అటక మీద ఈ-సిగరెట్లు దాచాడని చాయ్ హోటల్లో అందరితో అన్నాను. సిగరెట్టు కోసం మా దగ్గర ఆగే కానిస్టేబుల్ చెవిన కూడా వేశాను.

ఆ వారంలోనే పోలీసులు వచ్చారు. అటక మీది పెట్టెలు దించి నడి గల్లీలో కోశారు. లోపల మామూలు సిగరెట్లు, మేం అమ్మేవే. పెట్టె చుట్టూ సుతిలి తాడు కట్టిన తీరు చూడగానే గుర్తుపట్టాను. ఆ అడ్డముడి వేసేది మా బాపు ఒక్కడే.

"బిల్లేది? ఎవరిది ఈ మాల్?" అని ఎస్సై అడిగాడు.

బాపు మా గల్లా దగ్గరే ఉన్నాడు. తల ఎత్తలేదు. ఎన్నడూ ఆగని నా నోరు ఆ రోజు ఆగింది.

భాయ్ ఒకసారి మా వైపు చూశాడు. "నాదే సాబ్," అన్నాడు.

పన్నుల ఆఫీసు చుట్టూ ఆయనే తిరిగాడు. దొరికినవి మామూలు సిగరెట్లని గల్లీలో ఎవరికీ గుర్తులేదు. ఈ-సిగరెట్లని నేను ముందే చెప్పి ఉంచాను కదా, ఆ మాటే మిగిలింది. దుకాణం ఓనరు కూడా అదే విని ఖాళీ చేయించాడు.

బాపు పోయాక సంతోష్‌నగర్‌లో భాయ్ కొత్త దుకాణం వెతుక్కుంటూ వెళ్లి, కానిస్టేబుల్‌కు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. అద్దం తుడుస్తూ విన్నాడు.

"బాపుకు జబాన్ ఇచ్చిన, ఎవ్వలికి చెప్పనని. గది సరే. గిప్పుడు నాకు చెప్తె ఏం ఫాయిదా అన్నా? నేను ఏం అమ్మిన్నో నాకు తెల్వదా? పోయి శాలిబండల చెప్పు."

చెప్పాను. అదే చాయ్ హోటల్లో, పాతవాళ్లంతా ఉన్నప్పుడు, ఆ పెట్టెలు మావేనని, భాయ్‌వి కావని. పాన్ డబ్బా ఆయన సాసర్లో చాయ్ వంపుకుంటూ కన్ను గీటాడు.

"ఏంది సేటు, భాయ్‌తోని ధందా షురూ చేస్తున్నవా? ఏం మాల్?"

"ధందా లేదు, ఏం లేదు. నిజం చెప్తున్న."

"చెప్తవ్, చెప్తవ్," అన్నాడు పక్కనున్నాయన. "బడ్జెట్ దగ్గరికొచ్చింది కదా, అటక గావాలె."