కుర్మయ్య గోడంత సీదా

షాబాద్ చుట్టుపక్కల ఒక మనిషి నిజాయితీని మెచ్చుకోవాలంటే "కుర్మయ్య గోడంత సీదా" అంటారు. ముప్పయ్యేళ్లు రాతిగోడలు కట్టి మేస్త్రీ కుర్మయ్య సంపాదించుకున్న ఆస్తి ఆ ఒక్క మాటే. దానికి ఒకసారి గండం వచ్చింది.

2006లో ఒక సాఫ్ట్‌వేర్ ఆసామి మొయినాబాద్‌లో ఫాంహౌస్ మొదలుపెట్టాడు. దాని ఆర్కిటెక్ట్ రాఘవేందర్ పేరుమోసినవాడు. మాదాపూర్‌లో ఎన్నో అద్దాల మేడలు గీసి గీసి, చివరికి అద్దమంటేనే విసుగెత్తి రాళ్ల మీద పడ్డాడు. పెద్దవాళ్లకు విసుగొస్తే మోయాల్సింది కూలివాళ్లే కదా.

మొదటి గోడను కుర్మయ్య దారం కట్టి, నిలువు చూసే ఇనుప గుండు వేలాడదీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా లేపాడు. రాఘవేందర్ కూల్చమన్నాడు. రెండోదీ అంతే.

"మెషీన్ కట్టినట్టున్నది కుర్మయ్యా. పొలం గట్టు మీద మీ తాత ఎట్ల కట్టిండో అట్ల కట్టు" అని, ఆ ఇనుప గుండును తన జేబులో వేసుకుని కారెక్కాడు. ఈసారీ కుదరకపోతే వేరే మేస్త్రీ వస్తాడని సూపర్‌వైజర్ జగదీశ్ చెప్పిపోయాడు.

వారం రోజులు కుర్మయ్యకు అన్నం సయించలేదు. దొరికిన రాయిని దొరికినట్టే పేర్చాడు. ఒకటి ముందుకు పొడుచుకొచ్చింది, ఒకటి వెనక్కి నక్కింది. పడిపోతుందేమోనని పొద్దునా సాయంత్రం భుజంతో తోసి చూసుకునేవాడు. గోడ కదల్లేదు.

సోమవారం షాబాద్ నుంచి రాళ్ల లారీ వచ్చింది. దాని డ్రైవర్ భిక్షపతి నోట్లో నువ్వుగింజ నానదు. దిగీ దిగగానే గోడను చూశాడు.

"ఎవడు కట్టిండే అన్న, గీ వంకర గోడ?"

కుర్మయ్య లారీ వైపు నడుస్తూ, "ఎవడో బయటోడు" అన్నాడు.

రాళ్లు సగం దించారో లేదో రాఘవేందర్ కారు వచ్చింది. ఆయన గోడను అరచేత్తో నిమిరి, గుండును కుర్మయ్య చేతిలో పెట్టాడు.

"నాకు కావాల్సింది ఇదే. మొత్తం ఇట్లనే కట్టు. మూలరాయి మీద నీ పేరు చెక్కు."

అందరూ విన్నారు. కుర్మయ్య తల ఎత్తలేకపోయాడు. ఆర్కిటెక్ట్ అవతలికి వెళ్లాక భిక్షపతి మెల్లగా దగ్గరికొచ్చాడు.

"గోడ వంకర పోతే పోనీ అన్న. నాతోని అబద్ధమెందుకు ఆడినవ్?"

కుర్మయ్య మూలరాయి ముందు కూర్చుని ఉలి తీశాడు.